మ్యాచ్ కాని మన వైద్యులు

ప్రతి మార్చిలో ఒక సోమవారం సాయంత్రం, అమెరికా రెసిడెన్సీకి దరఖాస్తు చేసుకున్న మన పిల్లలకు ఈమెయిల్ వస్తుంది. సీటు దక్కినదా, లేదా అన్నంత వరకే అందులో ఉంటుంది. 2024లో అమెరికా పౌరులు కాని విదేశీ వైద్య పట్టభద్రులలో నూటికి సుమారు 58 మందికే దక్కింది.

జల్‌పల్లిలో సీటు రాని ఒక అమ్మాయి తండ్రి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఇరుగుపొరుగుకు ఏమని చెప్పను, డాక్టర్ సాబ్?" ఆమె మూడు వారాలుగా నిద్రపోవడం లేదన్న సంగతి నేను అడిగితే తప్ప ఆయన చెప్పలేదు. నాకు ముందుగా పట్టించుకోవలసినది అదే అనిపించింది.

ఇక దరఖాస్తు మాట. ఉత్తీర్ణులైన పరీక్షను మార్కుల కోసం మళ్ళీ వ్రాయనివ్వరు. 2022 జనవరి నుండి స్టెప్ 1కు మార్కులే లేవు. కనుక మార్చుకోగలిగినవి అక్కడి వైద్యుల సిఫారసు లేఖలు, ఎంచుకునే విభాగాలు, ఈ మధ్యకాలంలో రోగులను చూసిన అనుభవం. పాత పత్రాన్నే తిరిగి పంపడం డబ్బు దండగ. ఆమె ఇప్పుడు ఉదయం పూట ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తోంది. సెప్టెంబరులో మళ్ళీ దరఖాస్తు చేస్తుంది.

మీ ఇంట ఇటువంటివారుంటే ఫలితం కంటే ముందు నిద్ర గురించి అడగండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే మానసిక వైద్యునికి చూపించండి. టెలీ మానస్ 14416కు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.