సింహగిరి చుట్టును పది క్రోసులు

మా యూరు ఉయ్యూరు. బెజవాడనుండి బందరు పోవు దారిలో చెఱకుతోటలకును వరిమళ్లకును నడుమ నున్నది. పుల్లేరు కాలువగట్టే మా కన్నుల కెత్తైన చోటు. కొండ యన్న మాట బెజవాడ పోయి ఇంద్రకీలాద్రిని చూచినప్పుడే మాకు జ్ఞప్తికి వచ్చును. ఇట్టి పల్లపునేలలో పుట్టి పెరిగిన అయిదుగురు స్త్రీలము, శోభకృత్సంవత్సర ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు, అనగా 2023 జూలై 2వ తేదీని, సింహాచలము కొండచుట్టు 32 కిలోమీటర్లు చెప్పులు లేక నడువ బయలుదేరితిమి. అందరమును నడచితిమా యన్నది ముందు చెప్పెదము.

మొక్కు మా అత్తగారిది. మామగారికి జబ్బు చేసినప్పుడు అప్పన్నస్వామికి గిరిప్రదక్షిణము మొక్కుకొనిరి. మామగారు కోలుకొని పదునాలుగేండ్లయినను మొక్కు తీరలేదు. ఆషాఢమనగా మాకు వరినాట్ల కాలము. ఒక యేడు కూలీలకు అన్నము వండవలసివచ్చెను; ఒక యేడు కోడలి పురుడు; ఒక యేడు ఇంటినిండ చుట్టములు. ప్రతి యేడును "మనము పోతే ఇంట్లో ఎవరు వండుతారు?" అన్న ప్రశ్నయొద్దనే ప్రయాణము ఆగిపోవుచుండెను. కడకు అత్తగారికి అరువదిమూడేండ్లు వచ్చిన పిమ్మట, మా తోడికోడండ్ర మిద్దరమును ఆ ప్రశ్నకు జవాబుగా మగవారికి అన్నము వార్చుట నేర్పితిమి. పొరుగింటి పిన్నిగారును, బి.ఎస్సీ. చదువుచున్న ఆమె కుమార్తెయు మాతో కలిసిరి.

రెండు నెలల ముందే తెల్లవారుజామున కాలువగట్టున నడక మొదలుపెట్టితిమి. మొదటి వారము రెండు కిలోమీటర్లు, తరువాత నాలుగు, ఆపైన ఎనిమిది. అందులో కొంతదూరము చెప్పులు విడిచి నడచితిమి. అరికాళ్లకు రాత్రులందు కొబ్బరినూనె రాచుకొంటిమి.

పిమ్మట సంచుల సంగతి వచ్చినది. అత్తగారు సర్దిన సంచిలో ఆరు చీరలు, దుప్పటి, తలగడ, ఆవకాయ జాడీ, పులిహోర క్యారియరు, ఇత్తడి చెంబు, పూజాసామగ్రి ఉండెను. కిరాణాకొట్టు కాటామీద తూచగా తొమ్మిది కిలోలు తూగెను. "వీటిలో ఏది వద్దంటారు?" అని అత్తగారు అడిగిరి. నోటితో వద్దనుటకు మాకు ధైర్యము చాలలేదు. మరునాడు ఆ సంచినే భుజమున వేసికొని నడువుమంటిమి. మూడు కిలోమీటర్లు నడచి ఆమెయే తలగడను తీసివేసిరి. వారము గడచునప్పటికి జాడీయు మిగిలిపోయెను.

పిన్నిగారి పిల్ల ఒకనాడు ఎమ్మా గేట్‌వుడ్ అను అమెరికా అవ్వ కథ చెప్పెను. ఆమె 1955లో, అరువదియేడవ యేట, అపలాచియన్ కొండలవెంబడి రెండువేల మైళ్లకు మించిన కాలిబాటను ఒంటరిగా నడచెనట. కాళ్లకు గుడ్డజోళ్లు, భుజమున తాను కుట్టుకొన్న సంచి, వానకు కప్పుకొనుటకు స్నానాలగదికి కట్టు తెర ఆమె సామానులోనివి. ఆమె పదునొకండుగురు బిడ్డల తల్లి యని వినగానే అత్తగారు, "పదకొండుమందిని ఎత్తుకొని తిరిగిన భుజమమ్మా! ఆ సంచి ఆవిడకో లెక్కా?" అనిరి. ఆ దినమునుండి మా అందరి సంచులును రెండు కిలోలకు దిగినవి.

జ్యేష్ఠ పౌర్ణమినాడు పరీక్షగా ఇంద్రకీలాద్రి చుట్టు తిరిగితిమి. కొండదిగువనుండి కుమ్మరిపాలెము, విద్యాధరపురము, చిట్టినగరు, కొత్తపేట మీదుగా సుమారు ఏడెనిమిది కిలోమీటర్లుండును. చిట్టినగరు దాటిన పిమ్మట అత్తగారు కుడికాలు కొంచెము ఈడ్చుచుండుట మా కంటబడినది. మేమిద్దరమును ఒకరి మొగ మొకరము చూచుకొంటిమి, ఏమియు ననలేదు. ఆమె ఆగినచో మా ప్రయాణమును ఆగును గదా! పెండ్లియై వచ్చిన నాటినుండి ఇంటిపని నిమిత్తము గాక మేమును రాత్రి గడప దాటి యెరుగము. అందుచేత చూచియు చూడనట్లుంటిమి. ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది గాని, వ్రాయకున్న ఈ యాత్రాకథ అబద్ధమగును.

బెజవాడలో రాత్రి రైలెక్కి తెల్లవారునప్పటికి విశాఖపట్టణము చేరితిమి. సింహాచలేశుని నిజరూపము అక్షయతృతీయనాడు మాత్రమే దర్శనమగును. తక్కిన కాలమంతయు చందనము కప్పియుండును. ఆ చందనమును నాలుగు విడతలుగా సమర్పింతురు. నాల్గవ విడత ఆషాఢ పౌర్ణమినాడు. దాని ముందునాడు కొండచుట్టు తిరిగి, మరునాడు దర్శనము చేసికొనుట ఆచారము. ఆలయమున కుళోత్తుంగ చోళుని నాటి శాసనము 1098–99 కాలమునది కలదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లోను 1519లోను వచ్చినట్లు శాసనములు చెప్పుచున్నవి. ఎవ్వరు వచ్చినను కొండ మొదట తొలిపావంచాయే గడప. మేమును మధ్యాహ్నము మూడుగంటలకు అక్కడ కొబ్బరికాయలు కొట్టి నడక సాగించితిమి.

అడవివరము దాటువరకు జనమే మమ్ము మోసికొనిపోయెను. కొండ కుడిచేతివైపున పచ్చగా నుండెను. పనసకును అనాసకును ఆ కొండ పేరుపడినది. తారురోడ్డు ఎండకు కాగి అరికాళ్లను చుఱుక్కు మనిపించుచుండగా, అక్కడక్కడ నీళ్లు చల్లియుంచిరి. దారిపొడుగున మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు ఇచ్చువారే. అప్పుడు తెలిసినది, మేము కాటాకొట్టున తీసివేసిన ఏడు కిలోల బరువును ముక్కు మొగ మెరుగని వారు మాకై మోయుచున్నారని. త్రాగి పారవేసిన కాగితపు గ్లాసులు కాలికింద నలుగుచుండుట మాత్రము కష్టముగా తోచినది. మా సంచులలోని చెంబులకు అప్పుడు విలువ కలిగెను.

హనుమంతువాక దాటి, విశాలాక్షినగరు మీదుగా అప్పుఘరు చేరునప్పటికి రాత్రియైనది. చతుర్దశి చంద్రుడు సముద్రముపై నుండెను. అత్తగారు సముద్రమును చూచుట అదే మొదలు గాదు; మా బందరు సముద్రమెరుగుదురు. కాని ఆనాడు మోకాలిలోతు నీళ్లలో నిలిచి, చాలసేపు ఒడ్డునకు రాలేదు. చల్లదనమునకు నొప్పి తగ్గుచున్నందున అట్లు నిలిచిరని మాకు తరువాత తెలిసినది.

వెంకోజీపాలెము దాటి ఇసుకతోట చేరునప్పటికి ఆమె ఒక మూసిన దుకాణము అరుగుమీద కూలబడిరి. మోకాలు వాచి బిందెవలె నుండెను. దగ్గరలోని వైద్యశిబిరమున చల్లని కట్టు వేసి, ఇక నడువరాదని చెప్పిరి. సగము దారి దాటినది. ఇంకను సుమారు పదునైదు కిలోమీటర్లున్నది. మేము అందరము ఆగిపోవుదుమంటిమి. అత్తగారు ఒప్పుకొనలేదు.

"మొక్కు నాది, మోకాలూ నాదే. మీ కాళ్లకేం వచ్చింది? నడవండి."

అప్పుడు మాలో పెద్దకోడలు, చిట్టినగరువద్ద చూచిన సంగతి బయటపెట్టినది. "అత్తయ్యా, ఆరోజే చూశాం. చెప్పలేదు."

అత్తగారు కొంతసేపు ఊరకుండిరి. "నేనూ చెప్పలేదుగా," అనిరి. ఇంతకుమించి ఆ విషయమై మాట లేదు. పిన్నిగారు ఆమెను పక్కవీధిలో ఆటో ఎక్కించి కొండదిగువకు తీసికొనిపోయిరి. అత్తగారి సంచిని మేము తీసికొంటిమి.

తరువాతి దారినిగూర్చి ఎక్కువ వ్రాయము. కైలాసపురము, మాధవధార, గోపాలపట్టణము ఒకదాని వెనుక నొకటి వచ్చినవి. బొబ్బలెక్కిన కాళ్లతో మాటలులేక నడచితిమి. రెండు కిలోల సంచి రెండుసార్లు చేతులు మారినది. అది మాత్రము బరువనిపించలేదు. తెల్లవారుచుండగా తొలిపావంచా చేరితిమి. అత్తగారు నిద్రపోక కొబ్బరికాయ చేత పట్టుకొని మెట్టుపై కూర్చుండిరి. "ఇసుకతోటనుంచి ఎంతన్నారు? పదిహేనా? అది స్వామికి నా బాకీ," అనిరి.

ఇట్టి నడకకు బోవదలచిన సోదరీమణులకు మా యనుభవము నుండి కొన్ని మాటలు. తిరువణ్ణామలైలో అరుణగిరి ప్రదక్షిణము 14 కిలోమీటర్లు. మొదట అట్టిది గాని ఇంద్రకీలాద్రి గాని తిరిగి చూచుకొనుడు. ఒక మార్పుచీర, తుండుగుడ్డ, చెంబు, అటుకులు, బెల్లము, ఉప్పు పంచదార కలిపిన పొట్లము, నూనెసీసా, మెత్తని గుడ్డపీలికలు, మీ మందులు, ఇంతకుమించి వలదు. నేతచీరయే సుఖము. బొబ్బలను చిదుపరాదు. మధుమేహము గలవారికి అరికాలి గాయము తెలియకపోవచ్చును గనుక, వైద్యుని అడుగక వట్టికాళ్లతో నడువరాదు. అన్నిటికంటె ముఖ్యము, నొప్పిని దాచరాదు. దాచిన నొప్పిని చూచినవారు ఊరకుండరాదు.

ఇంటికి వచ్చునప్పటికి మగవారు వండిన అన్నము ముద్దయైయుండెను, ఎవ్వరును పస్తుండలేదు. అత్తగారు వైద్యుడు చెప్పిన వ్యాయామములు చేసి, నొప్పి తగ్గినపిమ్మట, మరల తెల్లవారుజామున పుల్లేరుగట్టున ఒక కిలోమీటరు నడచుట మొదలుపెట్టిరి. మోకాలు నొచ్చినప్పుడు నొచ్చినదని చెప్పుచున్నారు. చెప్పనినాడు మేమే అడుగుచున్నాము.