తొట్టెలో సముద్రం!

నెల్లూరు తీరంలో సముద్రం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి అందరికీ తెలిసిందే... ఇసుక తిన్నెలకు ఆవల అలలతో హోరెత్తుతుంటుంది. రెండోది తిన్నెలకు ఈవల, రేకుల షెడ్ల కింద, సిమెంటు తొట్టెల్లో ఉంటుంది. మొదటిదాన్ని చూడటానికి ఆదివారం పూట జనం పిల్లాపాపలతో తరలివస్తారు. రెండోదాని దగ్గరికి బయటివాళ్లను గేటు కూడా దాటనివ్వరు. కానీ ఈ తీరంలో ఎన్నో కుటుంబాల ఏడాది సంపాదన ఆ రెండో సముద్రం చల్లగా ఉండటం మీదే ఆధారపడి ఉంది. అక్కడే రొయ్యపిల్లలు పుడతాయి మరి!

నెల్లూరు నుంచి మైపాడుకు పాతిక కిలోమీటర్ల లోపే. పెన్నా కాలువల కింద పచ్చటి వరి పొలాల మధ్య నుంచి సాగుతుంది ప్రయాణం. దారికి కాస్త పక్కగా, పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921లో గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. ఇందుకూరుపేట దాటాక పచ్చదనం పల్చబడుతుంది. గాలికి ఉప్పు వాసన వస్తుంది. వరి మళ్ల స్థానంలో రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు కనిపిస్తాయి. ఆ తర్వాత బకింగ్‌హాం కాలువ. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద మద్రాసు చేరిన దారి అది. కాలువ దాటితే సరుగుడు తోటలు, పట్టపుపాలేలు, ఆ పైన సముద్రం. కావలి, బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు... తీరం వెంట ఏ మండలానికి వెళ్లినా ఇంచుమించు ఇదే దృశ్యం.

నీటిని పెంచాలి!

హేచరీ అంటే రొయ్యల్ని పెంచే చోటు అనుకుంటారు చాలామంది. నిజానికి అక్కడ ముందు పెంచాల్సింది నీటిని. రొయ్యపిల్లకు ఇల్లూ, గాలీ, మరుగుదొడ్డీ అన్నీ నీళ్లే. సముద్రంలో ఆ నీళ్లకు అంతులేదు కాబట్టి మురికి ఎప్పటికప్పుడు కొట్టుకుపోతుంది. తొట్టెలో అలా కాదు. మిగిలిన మేత, పిల్లల విసర్జన కలిసి అమ్మోనియాగా మారతాయి. అది మోతాదు మించితే విషం. ఆ విషాన్ని విరిచేవి కంటికి కనిపించని బ్యాక్టీరియాలు. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారిస్తే, మరో రకం దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. అందుకే ‘మంచి నీళ్లు’ అంటే హేచరీలో ఖాళీ నీళ్లు కాదు, సరైన ప్రాణులున్న నీళ్లు.

సముద్రం నుంచి పైపులతో తోడిన నీటిని ముందు ఇసుక వడపోతల్లోంచి పంపుతారు. క్లోరిన్ కలిపి అందులోని సూక్ష్మజీవుల్ని చంపుతారు. తర్వాత ఆ క్లోరిన్‌నే విరగ్గొట్టాలి. లేదంటే అది రొయ్యపిల్లల్నీ బతకనివ్వదు. మళ్లీ సన్నటి ఫిల్టర్లు, అతినీలలోహిత కాంతి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. హేచరీకి దాదాపు ఆ ఉప్పదనమే కావాలి. ఇక్కడే నెల్లూరు తీరానికి ఓ చిక్కుంది. జిల్లాలో వానలు ఎక్కువగా కురిసేది ఈశాన్య రుతుపవనాల కాలంలో... అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఊటుకూరు దగ్గర పెన్న వరదనీరు సముద్రంలో కలుస్తుంది. ఉత్తరాది నదుల మంచినీళ్లతో పల్చబడ్డ బంగాళాఖాతం నీరూ ఆ రోజుల్లోనే తీరం వెంబడి దక్షిణానికి దిగుతుంది. దాంతో సముద్రమే చప్పబడిపోతుంది! అప్పుడు చిక్కటి ఉప్పునీటిని కలిపి తొట్టెలోని నీటిని సముద్రం చేయాల్సిందే.

మూడు వారాల పసితనం

తల్లి రొయ్య ఒక్కసారికి లక్ష నుంచి రెండున్నర లక్షల దాకా గుడ్లు పెడుతుంది. వాటిని పొదిగే తీరిక దానికి లేదు. నీళ్లలో వదిలేసి తన దారిన తను పోతుంది. పదిహేను గంటలు తిరిగేసరికి అవి పిల్లలవుతాయి. వాటిని ‘నాప్లి’ అంటారు. అర మిల్లీమీటరు కూడా ఉండవు. వీటికి వెలుగంటే ఇష్టం. తొట్టె మీద ఓ పక్కన దీపం పెడితే చురుకైన పిల్లలన్నీ అటే ఈదుకొస్తాయి. వాటినే ఏరుకుంటారు. బలహీనమైనవి అడుగునే ఉండిపోతాయి.

మొదటి రెండు రోజులూ వాటికి మేత అక్కర్లేదు. గుడ్డులోని సొన సరిపోతుంది. మూడో దశ నుంచే... అనడానికి లేదు, ఐదారుసార్లు కుబుసం విడిచాక గానీ నోరు తెరవవు. అప్పుడు వాటి పేరు ‘జోయా’. ఆ వేళకు ఆల్గే అనే సూక్ష్మమైన నాచు సిద్ధంగా ఉండాలి. అందుకే ప్రతి హేచరీలోనూ నాచు పెంచే గది ఒకటి ఉంటుంది. ట్యూబులైట్ల వెలుగులో, గాజు జాడీల్లో గోధుమరంగు నీళ్లు నిగనిగలాడుతుంటాయి. జోయా తింటోందో లేదో తెలుసుకోవడం ఎలా? ఓ గాజు బీకరులో నీళ్లు ముంచి వెలుగుకు ఎదురుగా పెడతారు. పిల్ల వెనకాల దారప్పోగులాంటి మలం వేలాడుతుంటే కడుపునిండా తింటున్నట్టు. ఆ పోగు కనిపించకపోతే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు!

నాలుగైదు రోజుల తర్వాత అది ‘మైసిస్’. తలకిందులుగా, వెనక్కి గెంతుతూ ఈదుతుంది. మరో మూడు నాలుగు రోజులకు పూర్తి రొయ్య రూపం వస్తుంది. ఈ దశలో పెట్టే మేత మరో ప్రాణి, ఆర్టీమియా. దాని గుడ్లు గోధుమరంగు పొడిలా ఉంటాయి. డబ్బాల్లో ఏళ్ల తరబడి నిద్రపోతాయి. ఉప్పునీళ్లలో వేస్తే ఒక్కరోజులో పిల్లలై ఈదుతాయి. ప్రపంచానికి ఈ గుడ్లను ఎక్కువగా అందించే చోట్లలో ఒకటి అమెరికాలోని ఉటా రాష్ట్రంలో ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్. ఎక్కడో ఎడారి అంచు సరస్సులో పుట్టిన గుడ్డు, నెల్లూరు రొయ్యపిల్లకు తొలి మాంసాహారం!

మూడు వారాలు నిండేసరికి పిల్ల సెంటీమీటరు పొడవుంటుంది. అప్పుడో పరీక్ష. ఉన్నట్టుండి ఉప్పదనం తక్కువున్న నీళ్లలో వేసి ఎన్ని తట్టుకుంటాయో లెక్కపెడతారు. వైరస్‌లు లేవని పీసీఆర్ పరీక్షలో తేలాలి. అన్నీ నెగ్గితే ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో, ఎక్కువగా రాత్రి చల్లదనంలో గుంటలకు బయల్దేరతాయి. ఇంతా చేస్తే ఒక్కో పిల్ల ధర రూపాయి కూడా ఉండదు.

ఒక కన్ను పోయినా...

ఈ కథలో ఇబ్బంది పెట్టే ముచ్చటా ఒకటుంది. తొట్టెలో ఉంచిన తల్లి రొయ్య అంత తేలిగ్గా గుడ్లు పెట్టదు. దాని కంటి కాడలో ఓ గ్రంథి ఉంటుంది. అది విడుదల చేసే హార్మోను గుడ్లు ఎదగకుండా ఆపుతుంది. అందుకని ఒక కంటి కాడను తీసేస్తారు. కొద్దిరోజులకే గుడ్లు సిద్ధమవుతాయి. దశాబ్దాలుగా ప్రపంచమంతటా హేచరీలు నడిచింది ఈ పద్ధతి మీదే. మంచి మేత, వెలుతురు, ఉష్ణోగ్రతలతో కన్ను తీయకుండానే గుడ్లు పెట్టించవచ్చని పరిశోధకులు ఇప్పుడు చెబుతున్నారు. ఐరోపా కొనుగోలుదారుల్లో కొందరు అలాంటి రొయ్యలే కావాలంటున్నారు.

1994... తీరం నేర్చుకున్న పాఠం

రొయ్యల్ని మనిషి చేతుల మీదుగా పుట్టించే విద్యకు ఆద్యుడు జపాన్ శాస్త్రవేత్త మొటోసాకు ఫుజినాగా. 1930ల్లో ఆయన కురుమా రొయ్య గుడ్లను పొదిగించి పిల్లల్ని తీయగలిగారు. మన తీరంలో మాత్రం చాలాకాలం కయ్యల్లో, ఉప్పుటేళ్లలో దొరికే పిల్లల్ని వలలతో పట్టి గుంటల్లో వదిలేవారు. 1980ల చివర్లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ చొరవతో విశాఖ దగ్గర ‘టాస్పార్క్’ హేచరీ వెలిసింది. దాంతో దారి మారింది. 1991లో ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల వచ్చింది. టైగర్ రొయ్య డాలర్ల పంటయింది. నెల్లూరు తీరంలో గుంటలు వరస కట్టాయి.

1994 చివర్లో తూర్పు తీరాన తెల్లమచ్చ వైరస్ విరుచుకుపడింది. రొయ్యలు మేత మానేసి గట్ల దగ్గరికి చేరేవి. పైపెంకు మీద సున్నపు చుక్కల్లాంటి మచ్చలు. మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం ఖాళీ! మనుషులకు ఆ వైరస్‌తో ప్రమాదం లేదు. కానీ అప్పు చేసి గుంట తవ్విన కుటుంబాల్ని మాత్రం అది కోలుకోనివ్వలేదు. ఒకరి గుంటలోంచి వదిలిన నీరే పక్కవారి గుంటలోకి చేరేది. సముద్రంలో పట్టిన తల్లి రొయ్యల నుంచి పిల్లలకూ వైరస్ సోకేది. రొయ్య జబ్బు పడ్డాక చేసేదేం లేదనీ, జాగ్రత్త మొదలవ్వాల్సింది తల్లి దగ్గర, నీటి దగ్గర అనీ తీరానికి తెలిసొచ్చింది అప్పుడే.

2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చింది. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని సొంతూరు. ఎంపిక చేసిన వ్యాధులేవీ లేవని నిర్ధారించిన తల్లి రొయ్యల్ని విమానాల్లో తెప్పిస్తారు. చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పరీక్షించాకే హేచరీలకిస్తారు. హేచరీ గేటు దగ్గర బయటివాళ్లను ఆపేదీ, లోపలికెళ్లేవాళ్లు మందు నీళ్లలో కాళ్లు తడపాల్సిందీ ఈ భయంతోనే. అయినా సమస్య తీరిపోలేదు. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి రొయ్యను చంపకుండానే ఎదుగుదలను ఆపేస్తోంది. మేత ఖర్చు పెరుగుతుంది, రొయ్య మాత్రం పెరగదు.

ముందుగదిలో కడలి పువ్వు

ఈ విద్యనంతా కుదించి ఓ గాజు పెట్టెలో పెడితే అదే ఇంట్లో పెంచుకునే సముద్రపు అక్వేరియం. అందులో చాలామంది మనసు పడేది సీ అనిమోన్ మీద. చూడటానికి పువ్వు, నిజానికి జంతువు. రేకుల్లా ఊగేవి దాని చేతులు. కొన్ని రకాలు మధ్యకు చీలి రెండవుతాయి. కొన్ని నడుస్తూ పాదం ముక్కను వదిలేస్తే ఆ ముక్కే పిల్లవుతుంది. ఇంకొన్ని పిల్లల్ని కడుపులో పెంచి నోట్లోంచి బయటికి వదులుతాయి! వీటిని పెంచేవారి తిప్పలూ హేచరీవాళ్లవే... అదే ఉప్పదనం లెక్క, అదే అమ్మోనియా భయం. మేతగా ఆ ఆర్టీమియా పిల్లలే. కొత్త పెట్టెలో నీళ్లు పోసిన మర్నాడే అనిమోన్‌ను వేస్తే బతకడం కష్టం. మంచి బ్యాక్టీరియా కుదురుకునేదాకా వారాల తరబడి ఆగాలి.

ఓపిక ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఓ ఉదాహరణ. స్కాట్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త జాన్ డాలియెల్ 1828లో తీరం నుంచి ఓ చిన్న అనిమోన్‌ను తెచ్చి గాజు జాడీలో ఉంచారు. దానికి ‘గ్రానీ’... అంటే అవ్వ అని పేరొచ్చింది. 1851లో ఆయన పోయాక అది చేతులు మారుతూ 1887 దాకా బతికింది. వందలాది పిల్లల్ని కంది. మోటార్లు, ఫిల్టర్లు లేని రోజుల్లో దాన్ని అన్నేళ్లు నిలబెట్టింది మార్చి మార్చి పోసిన సముద్రపు నీళ్లే!

బయటి సముద్రం మాటేమిటి?

తొట్టెలోని నీటిని ఇంత జాగ్రత్తగా చూసుకునేవాళ్లు, వాడేసిన నీటిని ఏం చేయాలి? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రొయ్యల గుంటలతో పొలాలు, మంచినీళ్లు ఉప్పగా మారుతున్నాయంటూ సర్వోదయ నాయకుడు ఎస్.జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. తీరప్రాంత నియంత్రణ మండలిలోని చెరువుల్ని, సంప్రదాయ పద్ధతుల్లో నడిచేవి మినహా, తొలగించాలని కోర్టు ఆదేశించింది. తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి సాగును రిజిస్ట్రేషన్ల కిందికి తెచ్చింది. 2023లో దాన్ని సవరించారు. నిషేధిత యాంటీబయాటిక్స్ వాడకూడదు. వాడిన నీటిని శుద్ధి చేశాకే వదలాలి. నిబంధనలు కాగితం మీద స్పష్టంగానే ఉన్నాయి.

వాటిని పాటించడానికి చట్టం కన్నా బలమైన కారణం ఒకటి ఈ తీరంలోనే కనిపిస్తుంది. హేచరీ నీళ్లు తోడుకునే పైపూ, వాడిన నీళ్లు చివరికి చేరే చోటూ ఒకే సముద్రంలో ఉన్నాయి. పాలేలవాళ్లు వల వేసేదీ అందులోనే. ఈ రోజు వదిలిన నీరే రేపటి వడపోతలోకి వస్తుంది. రూపాయి విలువైనా చేయని పిల్ల బతకాలంటే, వెల కట్టలేని ఆ పెద్ద తొట్టె కూడా బాగుండాలి.

మైపాడు, కోడూరు తీరాలకు వెళ్లేవాళ్లకు హేచరీ లోపలికి వెళ్లే వీలు దొరక్కపోవచ్చు. దూరం నుంచి చూసినా చాలు... ఇసుకలోంచి షెడ్డు వైపు పోయే నల్లటి పైపు, ఆగకుండా తిరిగే గాలి మోటారు చప్పుడు. కరెంటు పోతే వెంటనే జనరేటరు అందుకోవాలి. గాలి ఆగితే లోపలున్న లక్షల పిల్లలకు ఊపిరి ఉండదు మరి!