చారల గుర్రం దారి

జీబ్రా క్రాసింగ్‌ని థాయ్ భాషలో "థాంగ్ మా లాయ్" అంటారు. థాంగ్ అంటే దారి, మా అంటే గుర్రం, లాయ్ అంటే చారలు. చారల గుర్రం దారి. పట్టాయాలో నాలుగు రోజులున్నాను. గుర్రమైనా ఆ దారిలో ధైర్యంగా అడుగు వేస్తుందని నాకు నమ్మకం కలగలేదు.

పట్టాయా అనగానే మీలో సగం మంది నవ్వుతారని తెలుసు. నవ్వండి, పర్లేదు. మా బావకి చిన్న పెయింట్ల షాపు ఉంది. టార్గెట్ కొట్టిన డీలర్లకి కంపెనీ వాళ్లు జంట టికెట్లు ఇచ్చారు. సిమెంటు డీలర్లు, పురుగుమందుల డీలర్లు, పెయింట్ల డీలర్లు, ఎవర్నడిగినా మన దగ్గర మండల కేంద్రానికొక బ్యాంకాక్ ట్రిప్పు కథ దొరుకుతుంది. అక్క రానంది. "నువ్వు రా బామ్మర్దీ, మీటింగులు తప్ప లోకం చూడవు" అన్నాడు బావ. పోయాను. రాత్రిళ్లు డీలర్లంతా ఎక్కడెక్కడికి వెళ్లారో నన్నడక్కండి. నేను మాత్రం రోడ్లు చూశాను. ఫోన్లో ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, అక్కడ ట్రాఫిక్ మనకన్నా పద్ధతిగా ఉంటుందట కదా?" అని. వాడికి చెప్పాల్సిన జవాబు ఫోన్లో చెప్పేంత చిన్నది కాదు. అందుకే ఇది.

ముందు ఊరి ఆకారం చెప్తాను. సముద్రం పక్కనే బీచ్ రోడ్డు. దానికి సమాంతరంగా లోపల సెకండ్ రోడ్డు. రెండూ వన్‌వేలే. బీచ్ రోడ్డు మీద బండ్లు ఉత్తరం నుంచి దక్షిణానికి పోతాయి, సెకండ్ రోడ్డు మీద దక్షిణం నుంచి ఉత్తరానికి. ఈ రెండింటి చుట్టూ గానుగెద్దుల్లా నీలం రంగు పికప్ బండ్లు తిరుగుతుంటాయి. వెనక రెండు వరసల బెంచీలుంటాయి కాబట్టి వాటి పేరే "రెండు వరసలు", థాయ్‌లో సాంగ్‌థ్యూ. ఎక్కడ బెల్లు కొడితే అక్కడ ఆగుతాయి, మన షేర్ ఆటోల్లాగే. వాళ్లదీ మనలాగే ఎడమవైపు డ్రైవింగే. కాబట్టి తెలుగువాడికి అక్కడ రోడ్డు దాటడం తేలిక అనిపించాలి.

అనిపించదు. ఎందుకో రెండో రోజుకి గానీ అర్థం కాలేదు. మనం రోడ్డు దాటేది కళ్లతో కన్నా చెవులతో. హారన్ ఎంత దగ్గర్లో, ఎంత కోపంగా ఉందో విని అడుగు వేస్తాం. అక్కడ హారన్ దాదాపు వినపడదు. కొట్టడం మర్యాద కాదు. ఒక డ్రైవరు ఇంకో డ్రైవర్ని తిట్టడం కూడా నేను చూడలేదు. అంతా చిరునవ్వులే, అంతా నిశ్శబ్దమే. ఆ నిశ్శబ్దంలోంచి ఒక స్కూటర్ వచ్చి మీ మోకాలికి జానెడు దూరంలోంచి జారిపోతుంది. ఒక్కోసారి వన్‌వేకి ఎదురు కూడా వస్తుంది. లైటు కొట్టాడంటే "మీరు వెళ్లండి" అని కాదు, "నేను వస్తున్నా, తప్పుకో" అని. యూరప్ నుంచి వచ్చిన ముసలి దంపతులు ఆ లైటుని మర్యాద అనుకుని రోడ్డు మీదకి దిగడం చూశాను. బావ పరిగెత్తి వాళ్ల చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. వాళ్లు మొదట బావనే అనుమానంగా చూశారు.

బీచ్ రోడ్డు మీద కొన్నిచోట్ల బటన్ నొక్కే సిగ్నళ్లున్నాయి. నొక్కితే కాసేపటికి బండ్లకి ఎర్ర లైటు పడుతుంది. కార్లు చాలావరకు ఆగుతాయి. మోటార్ సైకిళ్లలో కొన్ని ఆగుతాయి. సిగ్నల్ లేని ఉత్త చారల దగ్గర అసలు ప్రమాదం వేరే రకంగా ఉంటుంది. మొదటి లేన్‌లో ఒక మంచి మనిషి కారు ఆపుతాడు. మనం దణ్ణం పెట్టి నడుస్తాం. ఆ కారు చాటున ఉన్నాం కాబట్టి రెండో లేన్‌లో వచ్చేవాడికి మనం కనబడం. ముందు కారు ఎందుకు ఆగిందో వాడు ఆలోచించడు, పక్కనుంచి కొట్టుకుపోతాడు. ఎవరూ ఆగని రోడ్డు మీద మనం జాగ్రత్తగా ఉంటాం. ఒక్కడే ఆగిన రోడ్డు మీద ఆ జాగ్రత్త వదిలేస్తాం. ఇది పట్టాయాకే కాదు, రెండు మూడు లేన్లున్న ఏ రోడ్డుకైనా వర్తిస్తుంది. మీ యూనివర్సిటీ గేటు ముందు కూడా ఇదే జరుగుతుంది, చూసుకోండి.

బావ మూడో రోజు స్కూటర్ అద్దెకి తీశాడు. "నువ్వు ఆగు బావా, నడిచేవాళ్లకి ఆగు" అని వెనక కూర్చుని నేను నస పెట్టాను. ఒకచోట ఆగబోయి, అద్దంలో చూసి, ఆగకుండా పోయాడు. "వెనక వ్యానుంది బామ్మర్దీ. నేనాగితే వాడాగుతాడా? మీ అక్కకి నువ్వు చెప్పుకుంటావా?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. డ్రైవర్ బుద్ధి మారాలి, సంస్కారం రావాలి అని రాసేవాళ్లు ఒకసారి ఆ స్కూటర్ మీద కూర్చుని అద్దంలోకి చూడాలి. ఒక్కడి మంచితనంతో ఆ రోడ్డు ఆగదు. వేగం తగ్గాలి. థాయ్ నిబంధనల్లో పట్టణ ప్రాంతాలకి పెట్టిన సాధారణ గరిష్ట వేగం చాలా ఏళ్లు గంటకి 80 కిలోమీటర్లు. పట్టణాల్లో 50కి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. 80లో పోయేవాడు చారలు కనబడ్డాక బ్రేకు వేస్తే బండి ఆగేది చారలు దాటాకే.

ఆ సంస్థే 2018లో ఇచ్చిన నివేదికలో థాయ్‌లాండ్‌లో ప్రతి లక్ష మందికి 32.7 రోడ్డు మరణాలని అంచనా కట్టింది. అదే నివేదికలో మన దేశానికి 22.6. ఆ తర్వాత 2023 నివేదికలో వాళ్లది 25 దగ్గరికి దిగింది. మన తమ్ముడు అడిగిన "పద్ధతి"కి లెక్కల్లో జవాబు ఇది. హారన్ లేకపోవడం వేరు, ప్రాణానికి విలువ ఉండడం వేరు.

చట్టం లేదా అంటే ఉంది. రోడ్డు రవాణా చట్టం 1979 నుంచీ ఉంది. చారల దగ్గర ఆగకపోతే జరిమానా వెయ్యి బాత్‌ల దాకా ఉండేది. 2022 సెప్టెంబరు నుంచి దాన్ని నాలుగు వేలకి పెంచారు. చారలకి వంద మీటర్ల లోపల ఇంకోచోట రోడ్డు దాటితే నడిచేవాడిదీ నేరమే. అంటే నడిచేవాడు చారల మీదకే రావాలి, అక్కడికి వచ్చాక బతకడం మాత్రం అతని అదృష్టం.

జరిమానా ఎందుకు పెరిగిందో తెలుసుకోవాలంటే బ్యాంకాక్‌కి వెళ్లాలి. 2022 జనవరి 21న అక్కడి ఫయా థాయ్ రోడ్డు మీద ఒక యువ కంటి డాక్టరు చారల మీద రోడ్డు దాటుతోంది. డుకాటీ మోటార్ సైకిల్ గుద్దింది. చనిపోయింది. నడిపినవాడు పోలీసు. బండికి నంబరు ప్లేటు లేదు. కొన్ని రోజులకే అతను, అతని తండ్రి గుండు చేయించుకుని బౌద్ధ భిక్షువులయ్యారు. జనం మండిపడేసరికి ఆ కాషాయం విప్పేశారు. ఏప్రిల్‌లో కోర్టు అతనికి సంవత్సరం 15 రోజుల జైలు శిక్ష వేసింది. చనిపోయింది డాక్టరు, అదీ రాజధాని నడిబొడ్డున. అందుకని దేశం కదిలింది, జరిమానాలు పెరిగాయి, చారలకి కొత్త రంగులు పడ్డాయి. (రంగుల మాట చెప్తే మా బావ అన్నాడు: "పెయింట్ ఎంతైనా అమ్ముతా. పెయింట్ చూసి బండి ఆగుద్దని మాత్రం గ్యారంటీ కార్డు ఇవ్వలేను.")

ఇంకో కేసు అంతకన్నా పాతది. 2012 సెప్టెంబరు, బ్యాంకాక్‌లోనే, సుఖుమ్‌విత్ రోడ్డు. తెల్లవారుజామున ఒక ఫెరారీ కారు మోటార్ సైకిల్ మీదున్న పోలీసుని గుద్ది ఈడ్చుకుపోయింది. ఆ పోలీసు చనిపోయాడు. కేసు రెడ్ బుల్ కుటుంబ వారసుడి మీద. 2017లో అతను దేశం దాటాడు. 2020లో కేసు ఎత్తేశారని బయటపడి గొడవైతే మళ్లీ తెరిచారు. ఒక కేసులో పోలీసు బండి నడిపినవాడు, ఇంకో కేసులో పోలీసు బండి కింద పడ్డవాడు. పోలీసు యూనిఫాం రెండు కేసుల్లోనూ ఒక్కటే. దాని ఎదురుగా ఎవరున్నారన్నదాన్ని బట్టి బరువు మారింది. థాయ్ వాళ్లకి దీనికి మాటలున్నాయి: ఫూ యాయ్, ఫూ నోయ్. పెద్దవాళ్లు, చిన్నవాళ్లు.

మా నాయనమ్మ ఊళ్లో పెద్దకులాల బజారు దాటేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకునేదని, ఎవరైనా ఎదురొస్తే బాట దిగి నిలబడేదని మీకు ఇంతకుముందు రాశాను. 1924లో వైకోంలో మనవాళ్లు కొట్లాడింది గుడిలోకి వెళ్లడానికి కూడా కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. ఆ చరిత్ర ఉన్నవాడికి దారి ఎవరు ఇస్తున్నారు, ఎవరు తీసుకుంటున్నారు అన్నది ఉత్త ట్రాఫిక్ సంగతిలా కనబడదు. అయితే థాయ్‌లాండ్‌లో మన కులం లేదు. అక్కడున్న నిచ్చెనమెట్లు వేరు. వాటిని వాటి లెక్కనే చూడాలి, మన కొలబద్ద పట్టుకుపోయి అక్కడ పెట్టకూడదు.

నాకు కనిపించిన మెట్లు ఇవి. కారు మోటార్ సైకిల్‌ని లెక్కచేయదు. మోటార్ సైకిల్ నడిచేవాణ్ణి లెక్కచేయదు. నడిచేవాడు, ముఖ్యంగా మాలాంటి టూరిస్టు, బొప్పాయి పచ్చడి బండి తోసుకుంటూ వచ్చే ఆడమనిషికి దారి ఇవ్వడు. చావులు మాత్రం ఎక్కువగా మధ్య మెట్టు మీదే. 2018 నివేదిక లెక్కలో థాయ్ రోడ్ల మీద చచ్చిపోయేవాళ్లలో నాలుగింట మూడొంతులు రెండు, మూడు చక్రాల బండ్ల మీద వాళ్లే. చారల దగ్గర ఆగకుండా నన్ను భయపెట్టినవాడే రేపు ఆ లెక్కలో చేరతాడు. నాకు వాడి మీద కోపం పూర్తిగా నిలవలేదు.

ఇక సుఖుమ్‌విత్ రోడ్డు దగ్గరికి వద్దాం. బ్యాంకాక్‌లో ఫెరారీ పోయిన ఆ రోడ్డే మూడో నంబరు హైవేగా కిందికి దిగి, పట్టాయా ఊరిని రెండుగా చీల్చి, కంబోడియా సరిహద్దు వైపు త్రాత్ దాకా పోతుంది. దానికి పడమర సముద్రం, హోటళ్లు, బటన్ సిగ్నళ్లు. దానికి తూర్పున పనివాళ్లు అద్దెకుండే గదులు, సందులు. అక్కడ స్థిరపడ్డ తెల్లవాళ్లు తూర్పువైపుని "డార్క్‌సైడ్" అంటారు. సరదాకి పెట్టిన పేరేనట. ఊరికి తూర్పున వాడ ఉన్నవాళ్లం కదా, ఆ సరదా నాకు వెంటనే అర్థమైంది.

మా హోటల్లో గదులు ఊడ్చే అమ్మది ఈసాన్, అంటే ఈశాన్య థాయ్‌లాండ్. వరి పండే, వానలు సరిగా పడని ప్రాంతం. లావో మాట్లాడతారు. బ్యాంకాక్ వాళ్లకి వాళ్ల యాస మీద, నల్లటి రంగు మీద పాత వెక్కిరింపులున్నాయి. పట్టాయా హోటళ్లు, మసాజ్ షాపులు, మోటార్ సైకిల్ టాక్సీలు చాలావరకు ఆ ప్రాంతం వాళ్ల చేతుల మీద నడుస్తున్నాయి. ఆమె వయసు మా అమ్మకన్నా నాలుగైదేళ్లు తక్కువ ఉంటుంది. ఫోన్లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. ఆమె ఉండేది సుఖుమ్‌విత్‌కి తూర్పున. రోజూ హైవే దాటి రావాలి, దాటి పోవాలి. మనుషులు ఎక్కి దిగే వంతెన ఉంది. నేనూ ఎక్కి చూశాను. మోకాళ్లు అరిగిన మనిషికి ఆ మెట్లు ఎక్కడం అయ్యే పని కాదు. కింద నుంచి దాటితే ఇటు మూడు లేన్లు, మధ్యలో గట్టు, అటు మూడు లేన్లు. అందుకని ఆమె రోడ్డు దాటడానికి టాక్సీ బండి ఎక్కుతుంది. నారింజ రంగు చొక్కా వేసుకున్న కుర్రాడు ఆమెని ఎక్కించుకుని, దూరంగా ఉన్న యూటర్న్ దాకా పోయి, తిప్పుకుని వచ్చి, కనబడుతున్న అవతలి ఒడ్డున దింపుతాడు. ఒక రోడ్డు అడ్డంగా దాటడానికి రోజూ జీతంలోంచి డబ్బు. విదేశీయుడికి బటన్ నొక్కితే దొరికేది ఆమె కొనుక్కుంటోంది.

వంతెనలు కట్టేవాళ్లని నేను ఎప్పుడూ అనుమానిస్తాను. వంతెన నడిచేవాడి కోసం కట్టామంటారు. నిజానికి అది బండి ఆగకుండా ఉండడం కోసం. కింద ఉన్నవాడు మెట్లెక్కి పక్కకి తప్పుకోవాలి. హైదరాబాద్‌లో, విజయవాడలో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి కోసం డిమాండ్ రాసే ముందు మీ పిటిషన్‌లో ఈ మాట ఒకసారి చర్చించండి: నేల మీదే సిగ్నల్ ఎందుకు అడగకూడదు?

ఆమె కొడుకు కూడా పట్టాయాలోనే ఉన్నాడట. మోటార్ సైకిల్ మీద భోజనం డెలివరీ చేస్తాడు. "మీ అబ్బాయి చారల దగ్గర ఆగుతాడా?" అని టైప్ చేసి చూపించాను. ఫోను చేతిలోకి తీసుకుని చదివి, నవ్వి, చాలాసేపు టైప్ చేసింది. తెర మీద తెలుగులో వచ్చింది చిన్న వాక్యమే: "లేటయితే వాడి డబ్బు కోస్తారు." నేను ఇంకేదో అడగబోయేలోపు బకెట్ తీసుకుని పక్క గదికి వెళ్లిపోయింది. పదకొండులోపు ఆ అంతస్తు మొత్తం అయిపోవాలి.