కోస్తారా, తీస్తారా, చూస్తారా?



మా అమ్మాయి మీ పిల్లలతో పాటే ఇక్కడ ఎనిమిదో తరగతి చదువుతోంది. నేను పదహారేళ్లుగా స్టాఫ్ నర్సును. మొదటి తొమ్మిదేళ్లు ఆపరేషన్ థియేటర్లో, ఆ తర్వాత సర్జరీ వార్డులో పని చేస్తున్నాను. "పేరెంట్స్ పేజీకి ఏదైనా రాయండి మేడమ్" అని క్లాస్ టీచర్ అడిగారు. మార్కుల గురించి, మొబైల్ గురించి రాయడానికి నాకంటే బాగా తెలిసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. నాకు తెలిసింది ఆసుపత్రి. అందుకే అక్కడ రోజూ వినపడే మాటల గురించి రాస్తున్నాను. వాటికీ మన పిల్లల చదువుకూ దగ్గర సంబంధమే ఉంది.

ఆపరేషన్‌కు ముందు రోజు వార్డులో సంతకాల పని ఉంటుంది. కన్సెంట్ ఫారం మీద ఆపరేషన్ పేరు చాలాసార్లు ఇంగ్లిషులోనే రాసి ఉంటుంది. పేషెంటు ఏ నాయనమ్మో, అమ్మమ్మో అయితే ఆ కాగితం చేతులు మారి మారి చివరికి ఇంగ్లిష్ మీడియం చదివే మనవడి దగ్గరికి వస్తుంది. "ఏం రాసిన్రు బిడ్డా అందుల?" అని ఆమె అడుగుతుంది. తొమ్మిదో తరగతి పిల్లాడు "లాపరోస్కోపిక్ కోలెసిస్టెక్టమీ" అని తడబడకుండా చదివేస్తాడు. "అంటే ఏందిరా?" అనేసరికి నా వైపు చూస్తాడు. చెప్పడం నా పని, చెప్తాను. డాక్టర్ గారూ చెప్తారు. కానీ ఆ రెండు మాటల్నీ ఆ పిల్లాడు తనంతట తానే విప్పగలడు. దానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. తెలుగు పీరియడ్‌లో సమాసాలకు విగ్రహవాక్యాలు రాసే పిల్లలకు ఇది అలవాటైన పనే.

ముందు చివర చూడండి

ఆపరేషన్ల పేర్లు చాలావరకు గ్రీకు, లాటిన్ ముక్కల్ని అతికించి చేసినవి. ముందున్న ముక్క ఏ అవయవమో చెబుతుంది. చివరి ముక్క ఆ అవయవాన్ని ఏం చేస్తారో చెబుతుంది. మనం ముందుగా చూడాల్సింది ఆ చివరి ముక్కనే.

'టమీ' అంటే కోత. లాపరాటమీ అంటే పొట్ట కోసి తెరవడం. పిల్లలు కెమిస్ట్రీలో చదివే 'ఆటమ్' కూడా ఈ ఇంటి మాటే. ఇక కోయడానికి వీల్లేనిది అని దాని అర్థం.

'ఎక్టమీ' అంటే కోసి బయటకు తీసేయడం. టాన్సిలెక్టమీలో టాన్సిల్స్, అపెండిసెక్టమీలో అపెండిక్స్, హిస్టరెక్టమీలో గర్భాశయం తీసేస్తారు.

'ఆస్టమీ'లో 'స్టోమా' ఉంది. గ్రీకులో దానికి నోరు అని అర్థం. అంటే కొత్తగా ఒక ద్వారం పెట్టడం. ట్రాకియాస్టమీలో మెడ ముందు భాగం నుంచి శ్వాసనాళానికి దారి పెడతారు. కొలాస్టమీలో పెద్దపేగును పొట్ట మీదికి తెచ్చి ద్వారం పెడతారు.

'స్కోపీ' అంటే చూడడం. టెలిస్కోప్, మైక్రోస్కోప్ తెలిసిన పిల్లలకు ఎండోస్కోపీ విడిగా చెప్పక్కర్లేదు. 'ఎండో' అంటే లోపల.

'ప్లాస్టీ' అంటే మలచడం, సరిచేయడం. ప్లాస్టిక్‌కు ఆ పేరు వచ్చింది కూడా ఎలా కావాలంటే అలా మలచవచ్చు కనుకనే. యాంజియోగ్రామ్‌లో రక్తనాళాల బొమ్మ తీస్తారు. యాంజియోప్లాస్టీలో సన్నబడిన నాళాన్ని తెరుస్తారు. మొదటిది పరీక్ష, రెండోది చికిత్స. మన ఇళ్లలో రెండింటినీ కలిపి "గుండె ఆపరేషన్ అయింది" అనేస్తాం.

ఇప్పుడు ఆ మనవడు చదివిన మాట చూడండి. 'కోలె' అంటే పైత్యరసం. 'సిస్ట్' అంటే సంచి. 'ఎక్టమీ' అంటే తీసేయడం. పైత్యరసం ఉండే సంచిని తీసేస్తారన్నమాట. ముందున్న 'లాపరోస్కోపిక్' ఆ పని ఎలా చేస్తారో చెబుతుంది: పెద్ద కోత లేకుండా, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి. నాయనమ్మకు ఇంతకంటే ఏం కావాలి?

మన మాటలూ ఇలాంటివే

ఇదంతా ఇంగ్లిష్ గొప్పదనం అనుకోవద్దు. తెలుగు సైన్స్ పుస్తకంలో అదే సంచిని 'పిత్తాశయం' అంటారు. పిత్తం, ఆశయం. ఆశయం అంటే మనకు లక్ష్యం అనే అర్థమే గుర్తొస్తుంది గానీ, ఉండే చోటు అనే అర్థం కూడా ఉంది. నీళ్లుండేది జలాశయం. అలాగే మూత్రాశయం, గర్భాశయం, అండాశయం. ఒక్క ముక్క తెలిస్తే నాలుగు అవయవాలు తెలిసిపోతాయి.

మోకాలి ముందున్న ఎముకను ఇంగ్లిషులో 'పటెల్లా' అంటారు. లాటిన్‌లో దానికి చిన్న పళ్లెం అని అర్థం. మనవాళ్లు దాన్ని మోకాలిచిప్ప అన్నారు. ఎక్కడో రోమ్‌లో ఉన్నవాళ్లకీ, ఇక్కడ మన పెద్దలకీ అది ఒకేలా కనిపించింది. వెన్నుపూసలో పూస ఉంది, కర్ణభేరిలో భేరి ఉంది. ఈ మాటలు పిల్లలకు చెప్పి చూడండి. బట్టీ పట్టించాల్సిన అవసరం ఉండదు.

ఒక్క ముక్క తేడా

"పేర్లదేముందండీ, డాక్టరు చూసుకుంటారు కదా" అనవచ్చు మీరు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు ఉంది. ఢిల్లీలో 44 ఏళ్ల మహిళ ఒకరు, సమస్య ఏమిటో తెలుసుకోవడానికి లాపరోస్కోపీకి ఒప్పుకుని మత్తులోకి వెళ్లారు. ఆమె స్పృహలో లేనప్పుడు, బయట కూర్చున్న ఆమె తల్లి అనుమతి తీసుకుని గర్భాశయాన్నీ అండాశయాలనూ తీసేశారు. చూడడానికి ఇచ్చిన అనుమతి తీసేయడానికి పనికిరాదని కోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం కానప్పుడు, నిర్ణయం చెప్పగల మనిషి తరఫున కన్నతల్లి ఒప్పుకున్నా చెల్లదని కూడా చెప్పింది. 'స్కోపీ'కీ 'ఎక్టమీ'కీ ఉన్న తేడా ఒక మనిషి జీవితంలో అంత పెద్దది.

మా వార్డులో నేను చూసింది ఇంకొకటి. మణికట్టు విరిగి ఒకామె చేరారు. యాభై ఏళ్లు. బాత్‌రూంలో మామూలుగా జారిపడ్డారు, అంతే. అంత చిన్న దెబ్బకు ఎముక ఎందుకు విరిగిందని డాక్టర్ గారు పాత సంగతులు అడిగారు. "పన్నెండేండ్ల కింద గర్భసంచి తీసిన్రు సారూ" అన్నారామె. "అండాశయాలు ఉంచారా, తీశారా?" అంటే "అది నాకెర్క లేదు" అన్నారు. ఇంటర్ బైపీసీ చదువుతున్న కూతురు మర్నాడు ఇంటి నుంచి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో ఆధార్ జిరాక్సుల మధ్య పాత డిశ్చార్జ్ కాగితం ఉంది. హిస్టరెక్టమీ తర్వాత ఇంకో వరస ఉంది: 'బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ'.

ఆ అమ్మాయి నా పక్కన నిలబడి మెల్లగా విప్పింది. "బైలేటరల్ అంటే రెండు వైపులా. ఎక్టమీ అంటే తీసేయడం. సాల్పింగో..." అక్కడ ఆగింది. గ్రీకులో బూర అని చెప్పాను. అండవాహికలు బూర ఆకారంలో ఉంటాయి కనుక ఆ పేరు. 'ఊఫర్' అంటే అండాన్ని మోసేది, అంటే అండాశయం. అండవాహికలు, అండాశయాలు, రెండు వైపులవీ తీసేశారు. అప్పటికి ఆమె వయసు 38.

అలా తీయడం అప్పుడు అవసరమే అయి ఉండవచ్చు. దాని గురించి నేను మాట్లాడను. కానీ ఆ వయసులో రెండు అండాశయాలూ పోతే ఎముకల్ని కాపాడే హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒళ్లంతా వేడి ఆవిర్లు వస్తాయి, ఎముకలు త్వరగా బలహీనపడతాయి. ముందే తెలిస్తే పరీక్షలు చేయించుకోవచ్చు, మందులు వాడుకోవచ్చు. పన్నెండేళ్లు కాగితం ఇంట్లోనే ఉంది. దాన్ని చదవగలిగే అమ్మాయి కూడా ఆ ఇంట్లోనే పెరిగింది. ఎవరూ ఆ కాగితాన్ని ఆమె చేతిలో పెట్టలేదు, అంతే. డాక్టర్ గారు ఎముకల సాంద్రత పరీక్ష రాశారు, మందులు మార్చారు. ఆమె మాత్రం కూతురి వైపు చూసి "గంత రాసి ఉన్నదా అందుల?" అన్నారు.

ఇంటి మాటల్లోనూ జాగ్రత్త

ఇళ్లలో మనం వాడే మాటలతో ఇంకో చిక్కుంది. "ఆపరేషన్ అయింది" అంటే చాలా ఊళ్లలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అని అర్థం. "పెద్దాపరేషన్" అంటే ఒకరికి సిజేరియన్, ఇంకొకరికి గర్భసంచి తీయడం. కు.ని. ఆపరేషన్‌లో గర్భసంచి అలాగే ఉంటుంది, గొట్టాలను మాత్రమే కత్తిరించి ముడి వేస్తారు. అడిగే డాక్టరుకు ఈ తేడా తెలియాలి.

కడుపు అనే మాట చూడండి. అన్నం తిని నిండేదీ కడుపే, బిడ్డను మోసేదీ కడుపే, పేగులు మెలిపెట్టేదీ కడుపులోనే. పిల్లాడు "కడుపునొప్పి" అన్నప్పుడు ఎక్కడో వేలితో చూపించమనండి. అపెండిక్స్ వాపు చాలాసార్లు బొడ్డు చుట్టూ నొప్పిగా మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగుతుంది. "ముందు ఇక్కడ, ఇప్పుడు ఇక్కడ" అని చెప్పగలిగే పిల్లాడు డాక్టరుకు సగం పని తగ్గిస్తాడు. మన పెద్దలు దాన్ని "24 గంటల నొప్పి" అంటారు. పేరులో 24 గంటలున్నాయి కదా అని ఒక రోజు ఆగి చూడకూడదు. ఆలస్యమైతే అపెండిక్స్ పగిలిపోవచ్చు.

అలాగే తాతయ్య ఛాతీ పట్టుకుని "గ్యాస్ పట్టేసింది" అంటే సోడా తెచ్చి ఇవ్వడం కాదు. ఎక్కడ, ఎలా ఉంది, చేతికో దవడకో పాకుతోందా అని అడగడం పిల్లలకు నేర్పండి. చెమటలు పట్టినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంకొక మాట. చిన్నప్పటి నుంచి కొన్ని అవయవాలకు మనం పేర్లే చెప్పం. "అక్కడ", "కింద" అంటాం. పేరు తెలియని చోట నొప్పి వచ్చినా, ఎవరైనా తాకినా పిల్లలు చెప్పలేరు. బయాలజీ పుస్తకంలో ఉన్న మాటలు ఇంట్లో అనడానికి సిగ్గు దేనికి?

మాట పేషెంటుదే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం ఒక చెక్‌లిస్ట్ తెచ్చింది. మత్తు ఇవ్వక ముందే అడగాల్సిన మొదటి ప్రశ్న పేషెంటుకే: మీరెవరు, ఏ ఆపరేషన్, ఏ చోట, మీరు ఒప్పుకున్నారా? ఆ నాలుగింటికీ పేషెంటే జవాబు చెప్పాలి. కుడి మోకాలా, ఎడమ మోకాలా అని అడిగితే "అదేదో మీకే తెలుసు కదమ్మా" అంటారు మన పెద్దవాళ్లు మొహమాటంగా. ఆ జవాబు సరిపోదు. అడగడం డాక్టరును అనుమానించడం కాదని వాళ్లకు మనమే చెప్పాలి. సంతకానికి ముందు అడగాల్సినవి తేలిక తెలుగులోనే ఉన్నాయి: కోస్తారా, తీస్తారా, చూస్తారా, దారి పెడతారా, సరిచేస్తారా? ఏది? ఏ వైపు? తీసేస్తే తర్వాత ఏమవుతుంది?

ఈ నెల ఇంట్లో ఒక పని చేసి చూడండి. ఆదివారం పూట బీరువాలో ఉన్న పాత ఆసుపత్రి కాగితాలన్నీ బయటకు తీసి పిల్లలకు ఇవ్వండి. నాయనమ్మ, తాతయ్య, అమ్మ, నాన్న, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. ఏ సంవత్సరం, ఏ ఆపరేషన్, ఏ వైపు, ఏం తీశారు, ఏ మందు పడదు అని పిల్లలతోనే రాయించండి. ఎడమవైపు ఇంగ్లిష్ పేరు, కుడివైపు నాయనమ్మకు అర్థమయ్యే తెలుగు. అర్థం కాని మాట కింద గీత గీసి ఉంచండి, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అడగవచ్చు. రాయడం పూర్తయ్యాక పిల్లలు ఆ పేజీని నాయనమ్మ పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించాలి. తన ఒంటికి ఏం జరిగిందో ఆమె తన మాటల్లో తిరిగి చెప్పగలిగితే, పని పూర్తయినట్టు.