అమ్మబోయే ఇంటికి మరమ్మతు

కోనసీమలో పాత పెంకుటిల్లు అమ్మకానికి వచ్చిందంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ మధ్య ఒక మాట తప్పకుండా వస్తుంది. బాగుచేయించి అమ్మాలా? ఉన్నది ఉన్నట్టు అమ్మాలా? మా ఇంట్లోనూ వచ్చింది. ఈ మధ్య మా బంధువుల్లో రెండు కుటుంబాలవారు ఇదే సంగతి నన్ను అడిగారు గనుక, మేము చేసినది వివరంగా రాస్తున్నాను.

మా నాన్నగారి ఇల్లు రాజోలు దగ్గర. 12 సెంట్ల స్థలంలో నాలుగు గదుల బంగళా పెంకుటిల్లు, ముందు అరుగులు, వెనుక వంటపాక. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తుపాను తీరం దాటినప్పుడు కోనసీమ అల్లకల్లోలమైపోయింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు లక్షల కొద్దీ కూలిపోయాయి. దేవుని దయవలన మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు గాని, పడమటి వైపు కప్పు సగం లేచిపోయింది. పెంకు దొరకడమే కష్టమైన ఆ రోజుల్లో నాన్నగారు దొరికిన పెంకుతోనే కప్పించారు. పాత పెంకుకూ కొత్త పెంకుకూ గాడి కలవలేదు. ఆ తరువాత ఏ వానాకాలం వచ్చినా ఆ మూల కారుతూనే ఉండేది. కింద గిన్నె పెట్టడం మాకు అలవాటైపోయింది. అమ్మ కూడా పోయాక ఇంటికి తాళం పడింది. గిన్నె పెట్టేవారు కూడా లేకపోయారు.

అన్నయ్య హైదరాబాదులో, తమ్ముడు కువైట్‌లో, నేను అమలాపురంలో ఉన్నాము. వీలునామా లేదు. మన క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుకులకూ కూతుళ్ళకూ సమాన వాటా. అందుచేత నా సంతకం కూడా కావాలి. దగ్గరలో ఉన్నదాన్ని గనుక ఇల్లు చూపించే పని నా మీదే పడింది.

తాపీమేస్త్రి వచ్చి చూసి మొత్తం బాగుచేయడానికి 4,50,000 రూపాయలు అవుతుందన్నాడు. కింది గోడలకు సిమెంటు పూత వేస్తానన్నాడు. ఇది నాకు ససేమిరా నచ్చలేదు. మన నేలలో నీరు పైనే ఉంటుంది. చెమ్మ గోడలోకి ఎక్కుతుంది. సున్నపు గోడ ఆ చెమ్మను బయటకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు వేస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, కొంతకాలానికి పూత ఉబ్బి రాలిపోతుంది. అప్పటికి ఇల్లు మనది కాదు కదా అని మేస్త్రి ధైర్యం!

తరువాత వడ్రంగి నిచ్చెన వేసుకుని పడమటి గది దూలాన్ని ఉలి పిడితో తట్టుకుంటూ వెళ్ళాడు. ఒకచోట గట్టిగా పలికింది. గోడ దగ్గరకు వచ్చేసరికి డొల్లగా పలికింది. “పైన రంగు బానే ఉందమ్మా. లోపల చెద తినేసిందండి” అన్నాడు.

వదిన ఫోనులో ఒకటే మాట. “దూలం కనపడకుండా కింద సీలింగు కొట్టించి, రంగులు వేయించు. చూసినవాళ్ళు ఇంకో రెండు లక్షలు ఎక్కువ ఇస్తారు.” మధ్యవర్తి కూడా తల ఊపాడు. నిజం చెప్పాలంటే లెక్క ప్రకారం ఆమె మాట తీసిపారేసేది కాదు. అయితే మా వైపు పాత ఇల్లు కొనేవారిలో చాలామంది స్థలం కోసమే కొంటారు. ఇల్లు విప్పేసి, టేకు తలుపులు, స్తంభాలు పాతకలప వాళ్ళకు అమ్మి, స్లాబు ఇల్లు వేసుకుంటారు. అలాంటివారికి రంగు వేసి చూపించడం డబ్బు గోదాట్లో పోసినట్టే.

కాని మా ఇల్లు అడిగింది ఒక చిన్న కుటుంబం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. డాబా వేసుకునే స్తోమత వచ్చేదాకా రెండు మూడేళ్ళు ఈ ఇంట్లోనే ఉంటామన్నారు. ఆ అమ్మాయి పడమటి గది చూసి, గాలి బాగా వస్తోంది, పిల్లల మంచం ఇక్కడ వేస్తానంది. ఆ మంచం సరిగ్గా ఆ దూలం కిందే పడుతుంది.

ఆ రాత్రి అన్నయ్యకు ఫోను చేసి, సీలింగు కొట్టిస్తే నేను సంతకం పెట్టనన్నాను. అన్నయ్య నొచ్చుకున్నాడు. చట్టం కూడా నా వైపే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోతే అది మోసం కిందకే వస్తుంది. లేవీయకాండము 14వ అధ్యాయము కూడా చదివి వినిపించాను. పొడ పట్టిన ఇంటిని ఏమి చేయాలో అందులో వరుసగా ఉంది. ముందు ఇల్లు ఖాళీ చేసి ఏడు రోజులు మూసి ఉంచాలి. పొడ వ్యాపిస్తే ఆ రాళ్ళు ఊడదీసి, గోడలు గీకించి, వేరే రాళ్ళు పెట్టి కొత్త పూత వేయాలి. మళ్ళీ వస్తే ఇల్లే పడగొట్టాలి. చెడిన రాయిని తీయకుండా పైన పూత వేయమని ఎక్కడా లేదు. అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. “సరే, నీ ఇష్టం. ఎంత తగ్గుతుందో నువ్వే మాట్లాడు” అన్నాడు.

మేము చేయించినది ఒక్కటే. కారే మూలన పెంకు దింపించి, పాత ఇళ్ళు విప్పిన చోట గాడి కలిసే పెంకు వెతికించి కప్పించాము. 38,000 అయింది. ఎందుకంటే అమ్మకం పూర్తయ్యేలోగా ఇంకో వానాకాలం వస్తే గోడే కూలిపోయేది. సున్నం వేయించలేదు, రంగు వేయించలేదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో కప్పు రకం, ఇంటి వయసు చూసి కట్టడానికి విలువ కడతారే తప్ప రంగు చూడరు. ఆ డబ్బుతో ఇంటిపన్ను బకాయి కట్టి, ఈసీ తీయించాము. తమ్ముడు కువైట్‌లోని మన రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవరాఫ్ అటార్నీ పంపాడు. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఈ సంగతి తెలియక ఇబ్బంది పడినవారిని చూశాను.

కొనేవారిని పిలిచి వడ్రంగి చేతనే దూలం తట్టించి వినిపించాను. ఆ అబ్బాయి ముఖం వాడిపోయింది. బేరం పోయిందనే అనుకున్నాను. రెండు రోజులకు తన సొంత వడ్రంగిని తీసుకువచ్చాడు. దూలం మార్చడానికి 70,000 అవుతుందని ఇద్దరూ దగ్గర దగ్గరగా చెప్పారు. ఆ మొత్తం ధరలో తగ్గించాము. వదినకు మాత్రం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

రిజిస్ట్రేషను అయ్యాక వచ్చిన డబ్బులో, పెంకుకు తమ్ముడు పంపిన 38,000 ముందు తీసి అతనికి వేసి, మిగిలినది మూడు వాటాలు చేసుకున్నాము. దూలం మార్చేదాకా పిల్లల మంచం తూర్పు గదిలో వేశామని ఆ అమ్మాయి మొన్న సంతలో కనబడి చెప్పింది.