ఇరవైఒక్క మలుపుల కొండ

ఫ్రాన్సు దేశానికి తూర్పున ఆల్ప్స్ పర్వతాలున్నవి. ఆ పర్వతాల నడుమ, రొమాంష్ నది లోయలో, బూర్ ద్వాజాన్ అనే చిన్న పట్నం వున్నది. వేసవి వచ్చిందంటే ఆ పట్నం వీధుల నిండా సైకిళ్ళే! దేశదేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ళూ, మగవాళ్ళూ, తల నెరిసినవాళ్ళూ కూడా పొద్దున్నే సైకిలెక్కి ఒకే దారి పడతారు. ఆ దారి ఆల్ప్ ద్వెజ్ అనే కొండమీది వూరికి పోతుంది.

దారి పొడవు 13.8 కిలోమీటర్లు. చదును నేల మీద ఇదేమంత దూరం కాదు. కాని ఇక్కడ రోడ్డు ఆ కాస్త దూరంలోనే సుమారు 1,100 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. ఇరవై మీటర్ల కొబ్బరిచెట్లను ఒకదాని నెత్తిన ఒకటిగా యాభైఅయిదు నిలబెడితే ఎంత ఎత్తో, అంత ఎత్తన్నమాట! నిటారుగా వేస్తే బండ్లు ఎక్కలేవు గనక, రోడ్డును కొండవాలు మీద అటూ ఇటూ మెలికలు తిప్పారు. అటువంటి మెలికలు 21 వున్నవి.

ఈ మలుపులకు ఒక తమాషా వున్నది. ప్రతి మలుపు దగ్గరా అంకె వేసిన పలక వుంటుంది. అయితే కింద మొదట వచ్చే మలుపు ఒకటవది కాదు, ఇరవైఒకటవది! ఆ తరవాత ఇరవై, పంతొమ్మిది—ఇలా తగ్గుతూ పోయి, ఆఖరున పైన ఒకటి వస్తుంది. ఎంత ఎక్కామన్నది కాక, ఎంత మిగిలిందన్నది ఆ పలకలు చెబుతాయి.

పలకల మీద పేర్లు కూడా వుంటాయి. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ అనే గొప్ప సైకిలు పందెం 1952లో మొట్టమొదటిసారి ఈ కొండమీద ఆగింది. ఆ రోజు గెలిచినవాడు ఇటలీ దేశస్థుడు ఫౌస్టో కొప్పి. ఇరవైఒకటవ మలుపు మీద ఆయన పేరున్నది. తరవాత గెలిచినవారి పేర్లు మిగతా మలుపులకు పెట్టారు.

ఇక మనమూ ఎక్కుదాం. పట్నం దాటగానే మొదటి రెండు కిలోమీటర్లే అన్నిటికన్నా కష్టం. తొడలు మండుతాయి, గుండె దడదడలాడుతుంది. అప్పుడు తలెత్తి చూశామా, కొండ నెత్తిన మీద పడుతున్నట్టుంటుంది. “ఇది మనవల్ల కాదు, దిగు!” అంటుంది మనసు.

ఆరితేరినవాళ్ళు ఇక్కడే ఒక ఉపాయం చేస్తారు. వాళ్ళు శిఖరంకేసి చూడరు. ముందు చక్రానికి కాస్త దూరంలో వున్న రోడ్డునే చూస్తారు. కొండనంతా ఎక్కాలనుకోరు. “ఆ మలుపుదాకా చాలు,” అనుకుంటారు. మలుపు వద్ద రోడ్డు కొంచెం చదునుగా వుంటుంది. అక్కడ ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుని, “సరే, ఇంకొక్కటి,” అనుకుంటారు. ఆ విధంగా ఒక పెద్ద కొండ 21 చిన్న కొండలయిపోతుంది.

కొందరు కాళ్ళ లయకు సరిపడా ఒకటి, రెండు, మూడు అని ఊపిరి లెక్కపెడతారు. కొందరు మనసులో పాట పాడుకుంటారు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరే మనవాళ్ళు, మోకాళ్ళ పర్వతం దగ్గర గట్టిగా “గోవిందా!” అనరూ? భక్తి ఎలాగూ వున్నది. దానికి తోడు ఆ లయ కాళ్ళకు ఊతమవుతుంది.

మరికొందరు తమతో తామే మాట్లాడుకుంటారు. ఇది పిచ్చి కాదు. బ్రిటన్‌లో శాస్త్రజ్ఞులు 24 మందిచేత కదలని సైకిలు తొక్కించి చూశారు. వారిలో సగం మందికి రెండు వారాలపాటు, తమకు తాము ధైర్యం చెప్పుకోవటం నేర్పారు. మళ్ళీ తొక్కించినప్పుడు వాళ్ళు మునుపటికన్నా సుమారు 18 శాతం ఎక్కువ సేపు తొక్కగలిగారు! మిగతావారిలో అటువంటి మార్పు రాలేదు. ఈ సంగతి 2014లో ప్రచురించారు. అలసట కాళ్ళలోనే కాదు, మనసులో కూడా వుంటుందన్నమాట.

ఏడవ మలుపు వచ్చింది. దీన్ని హాలెండువారి మలుపు అంటారు. 1976 నుంచి 1989 లోపల ఆ దేశపు వీరులు ఇక్కడ ఎనిమిదిసార్లు గెలిచారు. పందెం రోజున ఆ దేశస్థులు నారింజరంగు బట్టలతో ఇక్కడ గుమికూడి కేకలు పెడతారు.

2024 ఆగస్టు 18న ఆడవారి టూర్ పందెం ఈ కొండమీదే ముగిసింది. పోలెండు దేశపు కాషా నియెవియాదోమా అప్పటికి అందరికన్నా ముందున్నది. హాలెండు దేశపు డెమి వోలరింగ్ ఆ రోజు ఆమెను వెనక్కు నెట్టి, శిఖరాన్ని మొదట చేరుకున్నది. అయినా కాషా పట్టు వదల్లేదు. వారం రోజుల పందెంలో ఆమె చివరకు గెలిచింది నాలుగంటే నాలుగు సెకన్ల తేడాతో! ఏ మలుపు దగ్గర మనసు కాస్త జారినా ఆ నాలుగు సెకన్లూ పోయేవే.

అయితే మనసుకు చెప్పే ఉపాయాలకు హద్దున్నది. ఫ్రాన్సు దక్షిణాన వాంటూ అనే మరొక కొండ వున్నది. 1967 జూలై 13న, మండుటెండలో, బ్రిటన్ వీరుడు టామ్ సింప్సన్ శిఖరం ఇంకా కొద్ది దూరం వుందనగా సైకిలు మీది నుంచి పడి చనిపోయాడు. అలసట తెలియకుండా చేసే మందులు ఆయన తీసుకున్నాడు. ఒళ్ళు పెట్టే కేక ఆయనకు వినిపించలేదు. కాళ్ళు నొప్పి పుడితే మనసుకు ధైర్యం చెప్పవచ్చు. కాని కళ్ళు తిరిగితే, గుండెలో నొప్పి పుడితే దిగి నీడన కూర్చోవలసిందే. కొండ ఎక్కడికీ పోదు.

మూడు, రెండు, ఒకటి! అయిపోయిందా? ఇంకా లేదు. ఒకటవ మలుపు దాటాక కూడా గెలుపు గీత కిలోమీటరుకు పైగా దూరంలో వుంటుంది. లెక్క అయిపోయిందని బలమంతా ఖర్చు చేసినవాడు అక్కడ చతికిలబడతాడు. తెలిసినవాడు నవ్వి, “సరే, ఇంకొక్కటి,” అనుకుని తొక్కుతాడు.