కాకినాడలో తీరం దాటిన వాన

బీదర్ నుంచి జహీరాబాద్ వైపు వస్తుంటే, తెలంగాణ సరిహద్దుకు కాస్త ఇవతల ఉంటుంది ఆ ఊరు. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడ, పట్నం పోతే దక్కనీ మాట్లాడే రైతులు వాళ్లు. నేను వెళ్లింది 2020 అక్టోబరు చివర్లో. సోయాబీన్ నూర్పిళ్లతో సందడిగా ఉండాల్సిన రోజులవి.

ఒక పెద్దాయన తన కుప్ప మీది పట్టా ఎత్తాడు. గుప్పున ఆవిరి, వెంటనే పులిసిన వాసన. లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీశాడు. ఒక కాయ ఒలిస్తే గింజ ఉబ్బి, తెల్లటి మొలక బయటికొచ్చింది. ఇంకో కాయ నిండా బూజు. "కోసి నాలుగు రోజులాయె సార్. ఎండినంక నూర్పిద్దమనుకున్నం. గింతల్నే వాన వట్టె" అన్నాడు.

ఆ వాన బంగాళాఖాతంలో పుట్టింది. తీవ్ర వాయుగుండం అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటి, హైదరాబాద్ కాలనీలను ముంచి, బలహీనపడుతూ ఉత్తర కర్ణాటక చేరింది. కాకినాడ నుంచి బీదర్ దాదాపు 500 కిలోమీటర్లు. నేల మీదికి వచ్చాక గాలి నెమ్మదిస్తుంది గాని, తెచ్చుకున్న తేమంతా దారిలోని ఊళ్ల మీదే కురుస్తుంది. తుపాను స్థాయికి ఎదగలేదు కాబట్టి దానికి పేరు కూడా పెట్టలేదు.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసింది. ఇప్పటి బంగ్లాదేశ్‌లో 1970 నాటి తుపాను కనీసం మూడు లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. అదే దేశంలో 2007లో సిడర్ వచ్చినప్పుడు మరణాలు కొన్ని వేలకు తగ్గాయంటే, ఆశ్రయ భవనాలూ ఊరూరా హెచ్చరించే వలంటీర్లూ కారణం. తీరం ఇంత నేర్చుకుంది. తీరం దాటిన తర్వాతి దారి గురించి మాత్రం మనకింకా పట్టింపు లేదు. సముద్రంలో వాయుగుండం లేచిందని ముందే తెలిసినప్పుడు, పండిన సోయా కోయాలా, నాలుగు రోజులు నిలబెట్టాలా అన్న ఒక్క మాట బీదర్ రైతుకు చేరితే చాలు. నిలబడ్డ చేను కొంత ఓర్చుకుంటుంది. కోసి పరిచింది కుళ్లిపోతుంది.

కంది చేలోకి దిగితే మడమ దాకా బురద. ఒక మొక్క పట్టి లాగాను, సులువుగా ఊడొచ్చింది. వేరు మీది బెరడు గోధుమరంగుకు తిరిగి మెత్తబడింది. పూతకొచ్చిన చేను అది.

కోసి ఆరబెట్టిన పంట తుపాను వానకు పాడైతే పద్నాలుగు రోజుల వరకు ఫసల్ బీమా వర్తిస్తుంది. కానీ 72 గంటల్లో తెలియజేయాలి. ఆ మూడు రోజులూ ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. నేను మాట్లాడిన ఇళ్లలో గడువులోపు చెప్పగలిగింది ఒక్క ఇల్లే. వాళ్లబ్బాయి బీదర్‌లో ఉండి చదువుకుంటున్నాడు. అక్కణ్నుంచే ఫోన్ చేశాడు.